రంగు కడుక్కున్నాక చూడవలసిన ఊరు

బల్లార్పూర్,
కార్తీక బహుళ పంచమి.

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అత్తయ్య మోకాళ్ల నొప్పులు చలికాలంతో పాటే వచ్చాయి, దానితో పాటే పోతాయని మా ఇద్దరికీ తెలుసు. నువ్వు ఫోనులో పంపిన కబురు ఆవిడే చదివి వినిపించింది. పుష్యమాసం మొదట్లో మీ నాటక సమాజం మా మహారాష్ట్ర వచ్చి చంద్రపూర్‌లో మూడు రాత్రులు ఆడుతుందని, నాలుగో రాత్రి మా బల్లార్పూర్‌లో, ఆ తరువాత సిరోంచలో అని రాశావు. హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం నీకే ఇచ్చారని విని నాకు కలిగిన సంతోషం వేరే చెప్పాలా! చివర ఒక ముక్క రాశావు చూడు, "పగలంతా ఖాళీయే కదా మామయ్యా, ఊళ్లో ఏమేం చూడాలి?" అని, అక్కడ మాత్రం నవ్వొచ్చింది. నాటకం వాళ్లకు పగలు ఖాళీ అని నీకెవరు చెప్పారు? ఫోనులో చెబితే ఊ కొట్టి మరిచిపోతావు. అందుకని కాగితం తీశాను.

ముందు నా సంగతి. పగలు గని ఆఫీసులో హాజరు పట్టీలు రాస్తూ, సెలవులన్నీ కూడబెట్టుకుని, సీజనంతా హార్మోనియం పెట్టె మోసుకుని తిరిగిన మనిషిని. మొదటి పదేళ్లూ నేను చూసిన ఊళ్లన్నీ ఒక్కలాగే ఉండేవి. స్టేషను, విడిది, పందిరి, మళ్లీ స్టేషను. నాందేడ్ మూడుసార్లు వెళ్లాను. సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసిన ఊరది. దేశం నలుమూలల నుంచీ జనం రైళ్లెక్కి వచ్చి గురుద్వారా దర్శించుకుని పోతారు. నేను దర్శించుకున్నది ఒక నూనెమిల్లు గోడను, దాని ముందు వేసిన మా పందిరిని. ఎవరైనా "నాందేడ్ చూశావా?" అంటే చూశాననే చెప్పేవాణ్ని. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

ఆ సిగ్గు కొద్దీ పదకొండో ఏట దానికి ఎదురు తప్పు చేశాను. ఆట చంద్రపూర్‌లోనే. అక్కడికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో భద్రావతి ఉంది, పాతవాళ్లు భాందక్ అంటారు. పార్శ్వనాథుడి జైన మందిరం, విజాసన్ గుట్టలో తొలిచిన బౌద్ధ గుహలు అక్కడివే. నేనూ తబలా ఆయనా మధ్యాహ్నం భోంచేసి లారీ ఎక్కాం. గుహలో చల్లగా ఉంది. చీకట్లో రాతి బుద్ధుడి ముందు కూర్చున్నాం, కాలం తెలియలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు చెడిపోయింది. మేము పందిరి చేరేసరికి మొదటి బెల్లూ రెండో బెల్లూ అయిపోయి, ప్రార్థన కూడా అయిపోయి, నారదుడు రంగం మీద ఉన్నాడు. నా పెట్టె ముందు ఎవరో ఆ ఊరి కుర్రవాణ్ని కూర్చోబెట్టారు. పాపం, వాడికి చేతనైన శ్రుతి వాడు పట్టాడు. మా పెద్దాయనది ఆ రాత్రి కృష్ణుడి వేషం. నాలుగున్నర శ్రుతిలో పాడే మనిషికి వాడు ఐదున్నర అందించాడు. పద్యం చివర రాగం ఎత్తుకునే చోట గొంతు జీరపోయి ఆగిపోయింది. ఎప్పుడూ 'వన్స్‌మోర్' అని అరిచే చోట ఆ రాత్రి జనం దగ్గారు. ఆట అయ్యాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ నెలంతా ఒక్క మాట అనలేదు. జరిమానా వేసి ఉంటే ఎంతో తేలికగా ఉండేది.

ఈ రెండు తప్పులకూ నడుమ ఒక దారి ఉంది. అది కనిపెట్టడానికి నాకు ఇంకో ఐదేళ్లు పట్టింది.

మీ ఆట రాత్రి తొమ్మిదిన్నరకు మొదలై మూడింటికో నాలుగింటికో ముగుస్తుంది. రంగు తీసి, నగలు పెట్టెలో సర్ది, పక్క మీద వాలేసరికి ఐదు. పదకొండుకు ముందు లేవకూడదు, లేచినా గొంతు విప్పకూడదు. భోజనం, ఆ తరువాత పద్యాలు సరిచూసుకోవడం. ఏడింటికల్లా రంగు వేయించుకునే వరసలో ఉండాలి. నడుమ నీకంటూ మిగిలేది మూడు నుంచి ఐదున్నర దాకా. మొదటి రోజు అదీ లేదనుకో. కొత్త పందిరి, కొత్త మైకులు, ఎక్కడ నిలబడితే ఏ మైకు అందుతుందో, ఏ పక్కన చెక్క కదులుతోందో చూసుకోవాలి. ఊరెక్కడికీ పోదు. ఇక రెండో రోజు, మూడో రోజు మధ్యాహ్నాలు రెండూ నీవి. వాటన్నిటికన్నా విలువైనది ఇంకొకటి ఉంది, మూడో రాత్రి ఆట ముగిసిన తెల్లవారుజాము. మర్నాడు ఆడవలసింది మా ఊళ్లో, పదిహేను కిలోమీటర్ల దూరం. వ్యాను మధ్యాహ్నం గాని కదలదు. ఆ ఒక్క తెల్లవారుజామున పడుకోకు. నిద్ర మా ఇంటికి వచ్చి పోదువుగాని, అత్తయ్య మంచం వేసి ఉంచుతుంది. ముఖం కడుక్కుని ఊళ్లోకి పద.

ముఖం కడగడం అంటే తూతూమంత్రంగా కాదు. కొబ్బరినూనె పట్టించి, పాత పంచె ముక్కతో తుడిచి, మళ్లీ నూనె పట్టించి, అప్పుడు సబ్బు. కనురెప్పల కొసన ఒక్క నల్లగీత మిగిలినా ఊరు నిన్ను చూస్తుంది, నువ్వు ఊరిని చూడలేవు. మా కాలంలో నాటకాల ఆడవాళ్లను బజారులో వేలెత్తి చూపేవారు. అందుకని వాళ్లు విడిది దాటి బయటకు వచ్చేవారే కాదు. ముప్ఫై ఊళ్లు తిరిగి ఒక్క గుడి చూడని నటీమణులను నేనెరుగుదును. నువ్వు అలా తలుపు వేసుకుని కూర్చోకు. మీలో ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, ఆటో మాట్లాడుకునేటప్పుడే రానూ పోనూ ఇంత అని తేల్చుకోండి, వేషం నగలు ఒంటిమీద ఒక్కటీ ఉంచుకోకండి. వేషంతో కోట దగ్గర ఫొటోలు దిగాలని మీ కుర్రవాళ్లు సరదా పడతారు. నా మాటగా వద్దని చెప్పు. రాత్రి డబ్బు పెట్టి చూడవలసిన చంద్రమతిని పగలు ఊరికే ఎందుకు చూపించడం!

ఇక చంద్రపూర్ సంగతి. పాతవాళ్లకు అది చాందా. గోండు రాజుల రాజధాని మొదట మా బల్లార్పూర్‌లోనే, వార్ధా నది ఒడ్డున ఉండేది. ఆ కోట శిథిలం ఇప్పటికీ ఉంది. ఖాండ్క్యా బల్లాళ షా అనే రాజుకు ఒంటి నిండా కురుపులు లేచాయట. ఒకనాడు వేటకు వెళ్లి, దాహం వేసి, ఝర్పట్ వాగు ఇసుకలోని నీటిగుంటలో ముఖం కడుక్కున్నాడు. ఆ రాత్రి ఏళ్ల తరువాత మొదటిసారి హాయిగా నిద్రపట్టింది, కురుపులు మాయమయ్యాయి. ఆ నీటిగుంట ఉన్న చోటే అచలేశ్వరుడి గుడి. అక్కడే తిరుగుతుండగా నుదుట తెల్లటి మచ్చ ఉన్న కుందేలు ఒకటి రాజుగారి వేటకుక్కను తరమడం కనిపించింది. కుక్క కుందేలును తరమడం కాదు, కుందేలు కుక్కను తరమడం! రాణి ఆ సంగతి విని, కుందేలు పరుగెత్తిన జాడ వెంబడే కోటగోడ కట్టించమంది. నుదుటి మీది చంద్రుడి వల్ల ఊరికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇది చరిత్ర కాదు, కథే. కానీ మన వృత్తి వాళ్లకు ఇలాంటి కథ తెలిసి ఉండటం అవసరం, ఎందుకో తరువాత చెబుతాను.

గోడ మాత్రం కథ కాదు. సుమారు 11 కిలోమీటర్ల చుట్టుకొలత. ఉత్తరాన జట్‌పురా, తూర్పున అచలేశ్వర్, దక్షిణాన పఠాన్‌పురా, పడమట బింబా, ఇలా నాలుగు పెద్ద ద్వారాలు. ద్వారాల మీద గోండు రాజుల గుర్తు చెక్కి ఉంటుంది, ఏనుగును అణచిన సింహం. ఇవి కాక గోడలో ఐదు చిన్న దారులున్నాయి, వాటిని ఖిడ్కీ అంటారు. కిటికీ అనుకునేవు, మన దిడ్డి వాకిలి అన్నమాట. 1751లో నాగ్‌పూర్ భోంస్లేలు గోండుల నుంచి ఈ ఊరు తీసుకున్నారు, 1818లో ఇంగ్లీషువాళ్లు భోంస్లేల నుంచి. అంతకన్నా రాజుల వరస నీకు అక్కర్లేదు. చాలాకాలం ఈ గోడ ముళ్లచెట్లు మొలిచి, చెత్త పేరుకుని ఉండేది. 2017లో ఊరి యువకులు కొందరు రోజూ పొద్దున్నే కొడవళ్లు పట్టుకుని నెలల తరబడి దాన్ని బాగుచేశారు. అంతకుముందు ముప్ఫైసార్లు ఆ ఊరు వెళ్లిన నేను కూడా గోడ ఎక్కింది ఆ తరువాతే.

రెండో రోజు మధ్యాహ్నం జట్‌పురా ద్వారం చాలు. బస్సులూ మోటారు సైకిళ్లూ దాని చుట్టూ ముసురుకుని ఉంటాయి. నిలబడి చూడటానికి తీరిక ఇవ్వరు. అయినా దాన్నే చూడు. ఎందుకంటే నీ ఎదురుగా రాత్రి కూర్చోబోయే జనం రోజూ దాని కిందుగా వచ్చిపోయే జనమే. అక్కడొక కప్పు చాయ్ తాగి, గోల్ బజార్ వైపు నడిచి, రామాలా చెరువు గట్టున కాసేపు కూర్చుని వచ్చేయి. బజారులో తెలుగు వినపడుతుంది, ఆశ్చర్యపోకు. ఇక్కడ కోమట్లు తరతరాలుగా వ్యాపారం చేస్తున్నారు. దుకాణంలో మరాఠీలో బేరమాడి, గల్లాపెట్టె దగ్గర తెలుగులో లెక్క చెప్పుకుంటారు. మగవాళ్లను 'భావూ' అని, వయసు మళ్లినవాళ్లను 'కాకా' అని, ఆడవాళ్లను 'తాయీ' అని పిలిస్తే దారి అడిగినా, నీళ్లడిగినా ముఖం విప్పి జవాబు చెబుతారు.

మూడో రోజు మధ్యాహ్నం అచలేశ్వర్ ద్వారం వైపు. ఇక్కడ మూడు చోట్లు నడక దూరంలో ఉన్నాయి గనుక రెండున్నర గంటల్లో చూడవచ్చు. గుడి, గుడి పక్కనే గోండు రాజుల సమాధులు, కొంచెం అవతల మహాకాళి మందిరం. సమాధుల్లో పెద్దది బీర్ షాది. హత్యకు గురైన ఆయనకు ఆ సమాధి కట్టించింది భార్య రాణి హీరాయి. ఆవిడే పసివాడి పేరు మీద రాజ్యం కూడా నడిపింది. ఇక్కడ నువ్వు కొంచెంసేపు ఊరికే ఉండు. మీ నాటకంలో చంద్రమతి కొడుకును పోగొట్టుకుని కాటికి వచ్చే చోట నువ్వేడుస్తావు. ప్రతి చంద్రమతీ ఏడుస్తుంది. హీరాయి ఏడ్చి ఊరుకోలేదు, రాళ్లెత్తించింది. ఏడుపు ఆగాక మనిషి నిలబడే తీరు ఎలా ఉంటుందో ఆ గుమ్మటం కింద నిలబడితే నీకు తోచవచ్చు. తోచకపోతే నష్టం లేదు, లోపల చల్లగా ఉంటుంది.

మహాకాళి దగ్గర చైత్ర పున్నమికి పెద్ద జాతర. మరాఠ్వాడా నుంచీ మన తెలంగాణ నుంచీ జనం విరగబడి వస్తారు. పుష్యంలో ఆ తొక్కిసలాట ఉండదు, దర్శనం నిమ్మళంగా అవుతుంది. అన్నట్టు ఐదు దిడ్డి వాకిళ్లలో ఒకదాని పేరు మసాన్ ఖిడ్కీ. మసాన్ అంటే శ్మశానం, పేరులోనే సంగతంతా ఉంది. కాటి సీను ఆడేవాళ్లు చూడవలసిన వాకిలి. ఎత్తు తక్కువ, భుజాన బరువుతో దాటాలంటే నడుం వంచాలి. మా సమాజంలో కాటి యజమాని వీరబాహు వేషం వేసే ఆయన దాన్ని చూసి వచ్చిన రాత్రి నుంచి రంగం మీదికి కొద్దిగా వంగి ప్రవేశించేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు గానీ, ఆ ప్రవేశానికి పందిరి నిశ్శబ్దమయ్యేది.

ఇందాక కథ తెలిసి ఉండాలన్నాను కదా. మీ నక్షత్రకుడు ఎవరో గానీ అతనికి ఈ ఉత్తరంలో ఈ పేరా చదివి వినిపించు. పరాయి ఊళ్లో నక్షత్రకుడి హాస్యం మొదటి పావుగంట పండదు. జనం ఇంకా వీళ్లెవరో అన్నట్టు చూస్తుంటారు. మా నక్షత్రకుడు పగలు ఊరు తిరిగి ఒక్క పేరు జేబులో వేసుకుని వచ్చేవాడు. రాత్రి అప్పు అడిగే చోట "జట్‌పురా దర్వాజా దగ్గర ఒక్క చాయ్ తాగించు రాజా, వడ్డీలో రూపాయి తగ్గిస్తాను" అనేవాడు. పందిరి లేచిపోయేది. ఇంకోసారి హరిశ్చంద్రుడు నడవలేనంటే "ఈ ఊళ్లో కుందేలే కుక్కను తరిమింది, నువ్వు నాలుగడుగులు వేయలేవా?" అన్నాడు. ముందు వరసలో కూర్చున్న మరాఠీ పెద్దమనిషి పక్కవాణ్ని అడిగి అర్థం చెప్పించుకుని మరీ నవ్వాడు. ఊరు చూడటం దండగ అని మీ కాంట్రాక్టరు గొణిగితే ఈ సంగతి చెప్పు. ఒకటే జాగ్రత్త: ఒక ఆటకు ఒక్క చమత్కారం. రెండోది చెబితే వేషం పలచబడుతుంది. దేవుళ్ల మీద, కులాల మీద, ఊరి రాజకీయం మీద అసలే వద్దు.

ఊళ్లో అంబేద్కర్ పేరిట ఉన్న కళాశాల ఆవరణలో దీక్షాభూమి ఉంది. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బౌద్ధం స్వీకరించిన అంబేద్కర్, రెండు రోజులకు 16న చంద్రపూర్ వచ్చి ఇక్కడా దీక్ష ఇచ్చారు. నాగ్‌పూర్ సంగతి అందరికీ తెలుసు, ఇది చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. మా డోలు అతను ఈ ఊరు వచ్చినప్పుడల్లా విడిదిలో సంచి పడేసి మొదట అక్కడికే వెళ్లేవాడు. ఎక్కడికి పోతున్నాడో ఏళ్ల తరబడి మేమెవరమూ అడగలేదు. అడిగిన రోజున వెంటబెట్టుకుని తీసుకువెళ్లాడు. 1858 అక్టోబర్ 21న గోండు వీరుడు బాబూరావ్ శెడ్మాకేను ఇంగ్లీషువాళ్లు ఉరితీసింది కూడా ఈ ఊరి జైల్లోనే. సమయం చిక్కితే ఈ రెండిట్లో ఒకటి, చిక్కకపోతే మళ్లీసారి.

ఇప్పుడు ఆ తెల్లవారుజాము. దీనికి నేనే వస్తాను, మీ బావ కారు నడుపుతాడు. మీలో ఎందరు పడతారో అందరూ ఎక్కండి. లాల్‌పేట్ వైపు, బొగ్గు గనుల చాయల్లో, ఆరుబయట కొన్ని పెద్ద రాతి బొమ్మలున్నాయి. రాయప్ప అనే కోమటి ఒకాయన పెద్ద శివాలయం కట్టాలని సంకల్పించి, ముందుగా విగ్రహాలు చెక్కించడం మొదలుపెట్టాడట. గుడి లేవకముందే ఆయన పోయాడు. బొమ్మలు చెక్కిన చోటే ఉండిపోయాయి. లింగం, నంది, గణపతి, చేప, తాబేలు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్న పదితలల దుర్గ, సుమారు పాతిక అడుగులు. పదితలలు చూసి ఊరివాళ్లు రావణుడు అనేస్తారు. కప్పు లేదు, గర్భగుడి లేదు, హారతి లేదు. మనవాడు ఎవడో ఇంత దూరం వచ్చి ఇంత పని ఎత్తుకుని సగంలో వదిలి వెళ్లాడే అని నాకు అక్కడికి వెళ్లినప్పుడల్లా అనిపిస్తుంది.

మొదటిసారి చూసిన రోజు చెబుతాను. ముందు రాత్రి రెండో అంకం నడుమ అకాల వర్షం పడి ఆట ఆగిపోయింది. జనం వెళ్లిపోయారు, తెరలు తడిసి ముద్దయ్యాయి. కాంట్రాక్టరు సగం డబ్బే ఇస్తానన్నాడు. నిద్రపట్టక తిరుగుతూ అక్కడికి చేరాను. మంచులో తడిసిన ఆ రాళ్ల నడుమ ఒక మేకల కాపరి పిల్లవాడు దుర్గ పాదం మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. నేను చాలాసేపు అక్కడే ఉన్నాను. మర్నాడు రాత్రి మేము ఆగిన చోటు నుంచే, రెండో అంకం నడుమ నుంచే ఆట ఎత్తుకున్నాం. ముందు రోజు వచ్చినవాళ్లలో సగం మంది మళ్లీ వచ్చారు.

పుష్యమాసంలో ఆరున్నర దాటితే గాని పొద్దు పొడవదు. వెలుతురు పల్చగా ఉన్నప్పుడే అక్కడికి చేరాలి. ఎండ ఎక్కాక ఆ బొమ్మల చెక్కడం కంటికి ఆనదు. పక్క వెలుగులో ఒక్కొక్క ఉలిదెబ్బా తెలుస్తుంది. మీ లైట్లతనిని తప్పక వెంట తీసుకురా, ముఖానికి ఎదురు దీపం కన్నా పక్క దీపం ఎందుకు మేలో అతనికి నేను మళ్లీ చెప్పనక్కర్లేదు. ఆ తరువాత పఠాన్‌పురా ద్వారం దగ్గర గోడ ఎక్కి కాసేపు నడిచి, ఎనిమిదికల్లా టిఫినుకు దిగుదాం.

తిండి సంగతి వచ్చింది గనుక చెబుతున్నాను. మొదటి మూడు రోజులూ నోరు కట్టుకో. ఇక్కడ పొద్దున్నే పోహా మీద ఎర్రటి శనగల పులుసు పోసి ఇస్తారు, తర్రీ అంటారు. వాసనకే నోరూరుతుంది. తిన్నావంటే రాత్రి పద్యం సగంలో గొంతు మండుతుంది. నాలుగో రోజు పొద్దున నేనే తినిపిస్తాను. హోటలులో 'సాంబారు' అని అడిగి మోసపోకు, విదర్భలో సాంబారంటే కొత్తిమీర! మా ఇంటికి కొత్తగా వచ్చిన మీ పెదనాన్న ఇడ్లీలోకి సాంబారు తెమ్మని పంపితే కూరల దుకాణం వాడు కొత్తిమీర కట్ట చేతిలో పెట్టాడు. అన్నిటికన్నా ముఖ్యం, ఖర్రా జోలికి పోవద్దని మీ కుర్రవాళ్లకు చెప్పు. పొగాకు, వక్క, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో వేసి రుద్ది ఇస్తారు. రాత్రిళ్లు మేలుకోవడానికని మొదలుపెడతారు. మంచి గొంతులు నాలుగు దానికి బలికావడం నేను దగ్గరుండి చూశాను. చెవుల మీదుగా మఫ్లరు చుట్టుకో, గాలిలో బొగ్గు నుసి ఉంటుంది, పుష్యంలో చలీ గట్టిదే. దవడన కరక్కాయ ముక్క, తాగడానికి వేడినీళ్లు. కోట దగ్గర కూడా గట్టిగా మాట్లాడకు. చూడటానికి వెళ్లావు, మాట్లాడటానికి కాదు.

తాడోబా అడవికి వెళదామని మీలో ఎవరో ఒకరు తప్పక అంటారు. వద్దు. పులులు ఉన్నమాట నిజం, 1955 నుంచీ జాతీయ ఉద్యానం, మహారాష్ట్రలో మొట్టమొదటిది. కానీ ముందుగా చీటీలు తీసుకోవాలి, తెల్లవారక ముందే గేటు దగ్గర ఉండాలి, మంగళవారం మూసి ఉంటుంది. దుమ్ములో నాలుగు గంటలు జీపులో ఊగివచ్చి రాత్రి పాడగలిగినవాణ్ని నేను చూడలేదు. వైన్‌గంగ ఒడ్డున మార్కండా గుళ్లు కూడా ఈ మజిలీలో కుదరవు. శిల్పం చూసి తీరవలసిందే గానీ, అది ఒక పూట పని కాదు. నా భద్రావతి సంగతి పైన రాశాను.

పులికి బదులు ఇంకొకటి చూడు. మీరు వచ్చే రోజుల్లోనే ఇక్కడ ఝాడీపట్టీ నాటకాల సీజను. దీపావళి నుంచి హోలీ దాకా చంద్రపూర్, గడ్చిరోలి, భండారా, గోందియా జిల్లాల పల్లెల్లో రాత్రంతా మరాఠీ నాటకాలు ఆడతారు. వడసా అనే ఊళ్లో నాటక కంపెనీల ఆఫీసులు కిరాణా దుకాణాల్లా వరసగా ఉంటాయి, బోర్డులు కట్టి బేరాలు కుదుర్చుకుంటారు. పంట చేతికి వచ్చిన రైతు టికెట్ కొని తెల్లవార్లూ కూర్చుంటాడు. ఆ రంగస్థలం మీద జీవితమంతా గడిపిన పరశురామ్ ఖుణేకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మన పద్యనాటకం పోయింది, పోయింది అని ఊరికే తల కొట్టుకునే మీ పెద్దలు ఒక్కసారి ఆ పందిళ్లు చూడాలని నా కోరిక. మీకు ఖాళీ రాత్రి లేదు గనుక ఆట చూడలేవు. కానీ మీ పందిరికి లైట్లు, మైకులు పెట్టేది ఆ నాటకాలకు పెట్టేవాళ్లే అయి ఉంటారు. మధ్యాహ్నం వాళ్లతో పాటు కూర్చుని చాయ్ తాగుతూ, ఎలా బతుకుతున్నారో, టికెట్ ఎవరు అమ్ముతారో, వాన పడితే డబ్బు సంగతేమిటో అడుగు. మా కాంట్రాక్టరు సగం డబ్బు సంగతి నాకు ఇంకా అరగలేదులే.

ప్రయాణం మాట. కాజీపేట వైపు నుంచి వచ్చే బండ్లు ముందు మా ఊళ్లో ఆగుతాయి, తరువాతే చంద్రపూర్. ఊరు బల్లార్పూర్, స్టేషను మాత్రం బల్లార్షా, కంగారు పడకు. ఎక్స్‌ప్రెస్‌లన్నీ చంద్రపూర్‌లో ఆగవు, మీ మేనేజరును టికెట్ తీసేముందే చూసుకోమను. చాందా ఫోర్ట్ అని ఇంకో స్టేషను ఉంది, అది గోందియా పోయే లైను మీద. పేరులో కోట ఉంది కదా అని అక్కడ దిగబోయినవాళ్లూ ఉన్నారు. మీ బండి మా స్టేషన్లో చాలాసేపే ఆగుతుంది. తాడోబా జంతువులన్నీ గోడల మీద బొమ్మలుగా వేశారు. 2018లో రైల్వేవాళ్లు అందమైన స్టేషన్లకు పెట్టిన పోటీలో మాకూ చంద్రపూర్‌కూ కలిపి మొదటి బహుమతి వచ్చింది. పెద్ద పులి బొమ్మ ఉన్న గోడ దగ్గర దిగి నిలబడు. చపాతీలు, గోంగూర పచ్చడి, వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని అత్తయ్యా నేనూ వస్తాం. ఎందరున్నారో ముందుగా కబురు పెట్టు, చపాతీలు లెక్క చూసుకోవాలి.

మీ అమ్మను సకినాలు పంపమను. సంక్రాంతి రాకముందే సకినాలేమిటి అంటుంది. అన్నయ్య అడిగాడని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య